మాత్రకూ చీజ్‌కూ పడలేదు!

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఓ ఫార్మసిస్టు. ఆయన భార్య కుంగుబాటుకు మాత్రలు వేసుకునేది. ఓసారి చీజ్ తిన్నాక ఆమెకు హఠాత్తుగా తీవ్రమైన బాధ మొదలైంది. మరోసారి తిన్నప్పుడూ అదే తంతు. పాలు తాగినా, వెన్న తిన్నా మాత్రం ఏమీ కాలేదు. చీజ్‌లోని అమైనో ఆమ్లాలకూ ఆ మాత్రకూ ఏమైనా లంకె ఉందా అని ఆయనకు అనుమానం వచ్చింది. 1963లో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో పనిచేస్తున్న యువ వైద్యుడు బ్యారీ బ్లాక్‌వెల్‌కు ఉత్తరం రాశాడు. అదే మాత్ర వాడేవారిలో వస్తున్న భరించలేని తలనొప్పులూ, మెదడులో రక్తస్రావాల గురించి బ్లాక్‌వెల్ అప్పటికే 'లాన్సెట్' పత్రికకు రాసి ఉన్నాడు మరి.

చీజ్ తింటే ప్రాణం మీదికొస్తుందా? మొదట ఎవరూ నమ్మలేదు. బ్లాక్‌వెల్ స్వయంగా కొన్నాళ్లు ఆ మాత్రలు వేసుకుని చీజ్ తిని చూశాడు. ఏమీ కాలేదు! అయినా వదల్లేదు. ఆ మందు వాడుతున్న రోగికి చీజ్ పెట్టి పరిశీలిస్తే రక్తపోటు అమాంతం పెరిగింది. అదే ఏడాది అక్టోబరులో ఆ వివరాలు 'లాన్సెట్'లో అచ్చయ్యాయి.

అసలు దోషి టైరమీన్. మన శరీరంలోనూ, ఆహారంలోని మాంసకృత్తుల్లోనూ ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఇది దగ్గరి చుట్టం. చీజ్‌ను నెలల తరబడి మాగబెట్టినప్పుడు సూక్ష్మజీవులు టైరోసిన్‌ను టైరమీన్‌గా మార్చేస్తాయి. గ్రీకులో 'టైరోస్' అంటే చీజే. ఏ చీజ్‌లో ఎంత టైరమీన్ ఉంటుందన్నది రకాన్ని బట్టి మారిపోతుంది. అందుకే అందరికీ, అన్నిసార్లూ ప్రమాదం కనిపించలేదు.

టైరమీన్ నాడుల చివర్లలోకి చొరబడి, అక్కడ నిల్వ ఉన్న నార్‌అడ్రినలిన్‌ను బయటికి నెట్టేస్తుంది. దాంతో రక్తనాళాలు బిగుసుకుని రక్తపోటు పెరుగుతుంది. మరి చీజ్ తినే కోట్లమందికి ఏమీ కాదేం? పేగుల్లో, కాలేయంలో మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కాపలా కాస్తుంటుంది. టైరమీన్ రక్తంలో కలిసేలోపే దాన్ని విరగ్గొట్టేస్తుంది. కుంగుబాటుకు ఇచ్చిన ఆ మాత్ర సరిగ్గా ఈ కాపలాదారునే పడుకోబెట్టింది! అలాంటప్పుడు 10 మిల్లీగ్రాముల టైరమీన్ కూడా రక్తపోటును పెంచగలదు.

చిత్రమేమిటంటే ఈ మందుల కథ క్షయతో మొదలైంది. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఐప్రోనియాజిడ్ ఇస్తే వారిలో అనూహ్యమైన హుషారు కనిపించింది. ఈ ఎంజైమ్‌ను అది అడ్డుకోవడమే కారణమని తేలింది. అలా క్షయ మందు కుంగుబాటు మందయింది.

ఇప్పుడు మనకు దీంతో పనేమిటంటారా? ఉంది. మొండి క్షయకు మన దేశంలో ఇస్తున్న మందుల్లో లినెజోలిడ్ ఒకటి. ఇదీ ఆ ఎంజైమ్‌ను కొద్దిగా అడ్డుకుంటుంది. పాత మాత్రలంత తీవ్రంగా కాదు, కానీ జాగ్రత్త అవసరమే. ఇంట్లో ఎవరైనా లినెజోలిడ్ వాడుతుంటే...

* బాగా మాగిన చీజ్, సోయా సాస్, పులియబెట్టిన సోయా పదార్థాలు, రెడ్ వైన్ లాంటివి ఎక్కువగా తీసుకోకూడదు. నిల్వ ఉంచిన మాంసం, చేపల విషయంలోనూ జాగ్రత్త. అప్పుడే చేసిన పనీర్, తాజా పాలతో సాధారణంగా ఇబ్బంది ఉండదు.

* జలుబు చేసిందని సొంతంగా మందులు కొని వేసుకోవద్దు. వాటిలో సూడోఎఫెడ్రిన్ ఉంటే రక్తపోటు పెరుగుతుంది.

* కుంగుబాటుకు మాత్రలు వాడుతుంటే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

* ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, గుండెదడ మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. భయపడి క్షయ మందులు మాత్రం సొంతంగా మానేయకూడదు. మానేస్తే జబ్బు మరింత మొండికేస్తుంది.

మందుల చీటీ రాయించుకునేటప్పుడు 'ఏం తినకూడదు?' అన్న ప్రశ్న చాదస్తం కాదు. వైద్యులు నవ్వుకున్న అలాంటి సందేహమే ఆ తర్వాత ఎన్నో ప్రాణాలను కాపాడింది.