విషం దించే రాయి

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ‘మెటర్నిక్ ఫలకం’ అని ఒక రాయి ఉంది. 83.5 సెంటీమీటర్ల ఎత్తు, నల్లని నునుపు. చూసేవాళ్లు శిల్పం బాగుందనుకుంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తేలు కుట్టిన పిల్లల్ని చూస్తూ ఉద్యోగం వెళ్లదీసిన నాకు మాత్రం అదొక మందు.

మధ్యలో ఈజిప్టు దేవుడు బాల హోరస్. రెండు మొసళ్లను తొక్కి నిలబడి, చేతుల్లో పాముల్నీ తేళ్లనూ బిగించి పట్టుకున్నాడు. ముందూ వెనకా పక్కలా అంతా మంత్రాలే. క్రీ.పూ. 360–343 మధ్య, ఈజిప్టు రాజు రెండో నెక్టనేబో ఏలుబడిలో నెసు-ఆటుమ్ అనే పూజారి చెక్కించాడు. రాయి మీద నీళ్లు పోసి, అక్షరాల మీదుగా జారిన నీటిని పట్టి, విషం ఎక్కినవాళ్లకు తాగించేవారు. 1828లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ దాన్ని ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్‌కు కానుకగా ఇచ్చేశాడు. పేరు ఆయనదే నిలిచింది. పాపం, పూజారి!

ఆ రాతి మీది మంత్రాల్లో ఒక కథ ఉంది. ఐసిస్ దేవత ఏడు తేళ్లను వెంటబెట్టుకుని వస్తుంటే ఓ కలవారి ఇల్లాలు మొహానే తలుపేసింది. చిత్తడినేలల్లో బతికే ఓ పేద పిల్ల తలుపు తీసింది. తేళ్లకు ఒళ్లు మండింది. ఆరు తేళ్లు తమ విషాన్ని ఏడోదాని కొండిలో చేర్చాయి. అది తలుపు కిందనుంచి దూరి ఇల్లాలి కొడుకును కుట్టింది. ఆ తల్లి ఊరంతా ఏడుస్తూ తిరిగినా ఒక్కరూ పలకలేదు. చివరికి ఐసిస్సే జాలిపడి, ఒక్కో తేలునూ పేరుపెట్టి పిలిచి విషం దించింది. తల్లి చేసినదానికి పిల్లాడేం చేశాడు!

ఆ తల్లిని నేనెరుగుదును. తెల్లవారుజామున బిడ్డను భుజాన వేసుకొచ్చేది. ఒళ్లంతా చెమట, కాళ్లూ చేతులూ చల్లబడి, వాంతులు, ఆయాసం. ముందు మంత్రం వేయించి వచ్చారని మా సిబ్బంది కసురుకునేవారు. మంత్రగాడు వీధి చివర ఉంటాడు, ఆస్పత్రి బస్సెక్కితే గాని రాదు. మరి ఎటు పోతారు?

మంత్రించిన నీళ్లు విషాన్ని విరవవు. అదంతా పూర్వీకుల సైన్సని పొంగిపోయేవాళ్లతో నాకు పేచీ ఉంది. మూఢనమ్మకమని చేతులు దులుపుకునేవాళ్లతోనూ ఉంది. ఆ ఈజిప్టువాళ్లే పాముకాటు మీద రాసుకున్న పపైరస్ బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. ఏ పాము, కాటు ఎలా ఉంటుంది, మనిషి దక్కుతాడా, ఏం మందు వేయాలి అని వరసగా రాశారు. ఉల్లి మందులకు అందులో పెద్దపీట. మందు తెలిసినచోట కూడా మంత్రం పోలేదు. తిడితే ఇక్కడా పోదు. మందు మంత్రగాడికంటే దగ్గరికి రావాలి.

ఎర్రతేలు విషయంలో అదేమంత కష్టం కాదు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ రక్తపోటుకు వాడే ప్రజోసిన్‌తో ప్రాణాలు నిలబెట్టవచ్చని 1980ల్లోనే చూపించారు. చవక మాత్ర. ఎంత త్వరగా పడితే అంత మేలు. దాన్ని ప్రతి ఉపకేంద్రంలోనూ ఉంచి, ఎవరికి ఎంత వేయాలో ఏఎన్ఎంలకు నేర్పించి, పిల్లాణ్ణి పెద్దాస్పత్రికి చేర్చేలోపే మొదటి మోతాదు పడేలా చూడాలి. ఎండలు ముదరకముందే ఆ ఏర్పాటు జరగాలి.