సంతానం రొట్టె

మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ఆడవాళ్ళు రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. కడుపు పండినామె తెస్తుంది, పండాల్సినామె అందుకుంటుంది. మైపాడు వైపు పట్టపుపాళెం నుంచొచ్చిన అక్క మా ఖాలా చేతి రొట్టె తిని బిడ్డ కోసం మొక్కుకుంటుంది. ఆ నీళ్ళలో ఉన్నంతసేపూ మా పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టరు. గట్టెక్కినాకే మేం 'తెగ కనేవాళ్ళం' అవుతాం.

ఈ నింద కొత్తది కాదు. 2002లో గుజరాత్‌లో మా గోరీల మీద మట్టి ఆరకముందే 'మేం అయిదుగురం, మాకు పాతికమంది' అని సభల్లో వెక్కిరించారు. 2024 ఏప్రిల్‌లో బాన్స్‌వాడా ఎన్నికల సభలో ప్రధాని నోట 'ఎక్కువమంది పిల్లలున్నవాళ్ళు' అనే మాటొచ్చింది. ముస్లిముల్ని అనలేదని తర్వాత చెప్పుకున్నారు. మాకు అర్థం కాదనుకున్నారు కాబోలు!

సరే, లెక్కే తీద్దాం. సర్కారు లెక్కే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి 2.4. హిందూ స్త్రీకి 3.3 నుంచి 1.9కి తగ్గింది. ఎవరు ఎక్కువ తగ్గారో మీరే చూడండి. ఆడపిల్ల ఎన్నేళ్ళు బడికెళ్ళింది, పుట్టిన బిడ్డ బతుకుతుందనే ధీమా ఉందా లేదా, దాన్నిబట్టి తగ్గుతుంది కాన్పు. మతాన్నిబట్టి కాదు.

ఇక మా ఇంటి మాట. మజహబ్ ఒప్పుకోదని చేతులు దులుపుకునే మా మగాళ్ళకి ఒకటి గుర్తుచేస్తాం. గర్భం రాకుండా జాగ్రత్తపడే 'అజ్ల్' పద్ధతి తప్పుకాదని ఇమామ్ గజాలీ వందల ఏళ్ళ కిందటే రాశాడు. మీకు అడ్డొచ్చేది మజహబ్ కాదు, మగతనం. ఈ ఒక్క విషయంలో హిందూ ముస్లిం మగాళ్ళ ఐక్యత చూడముచ్చటగా ఉంటుంది. ఆంధ్రలో పెళ్ళయి కాన్పు వయసులో ఉన్న ఆడవాళ్ళలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగాళ్ళ ఆపరేషన్ తేలిక. అయినా నూటికి ఒక్కడు లేడు. ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర 2014 నవంబరులో ఒక్కరోజు క్యాంపులో 83 మందికి కోత కోశారు. పదిమందికి పైగా చచ్చిపోయారు. అందరూ ఆడవాళ్ళే.

ఇప్పుడు గాలి మళ్ళింది. ఇద్దరికి మించి కంటే పంచాయతీకి పోటీచేయొద్దని 1994లో చట్టం చేసిన ఈ రాష్ట్రమే 2024 నవంబరులో దాన్ని ఎత్తేసింది. కనండి, కనండి అంటున్నారు ముఖ్యమంత్రి. నిన్నటి నేరం ఇవాళ దేశసేవ. మరి మా బిడ్డలు కూడా ఆ సేవ లెక్కలోకే వస్తారా? సూటిగా చెప్పండి.

మా వీధి ఆపాకి రెండో కాన్పులోనే ఆపరేషన్ చేసేశారు. మూడు నెలలకోసారి వేసే 'అంతర' సూది సర్కారు ఆసుపత్రిలో ఊరికే వేస్తారని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొన్న మా దగ్గర తెలుసుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే అడిగింది: "నన్నెందుకు అడగలేదు?"