శాంపిల్ ప్యాకెట్టూ, తాయెత్తూ

తాయెత్తు కట్టించుకున్న మూడోరోజుకి జ్వరం తగ్గిందని ఎవరైనా అంటే మన మిత్రులు నవ్వుతారు. ఆ జ్వరం ఎలాగూ తగ్గేదే కదా అని ఓపిగ్గా వివరిస్తారు కూడా. అదే మిత్రుల ఇంట్లో "ఈ కొత్త క్రీము శాంపిల్ మూడ్రోజులు రాశాను, మొహం ఎంత తేడాగా ఉందో చూడండి" అంటే మాత్రం ఎవరూ నోరు మెదపరు. పైగా "ఎక్కడ దొరికింది?" అని అడుగుతారు. రెండు చోట్లా తర్కం ఒక్కటే అయినప్పుడు ఒకచోట నవ్వు, ఇంకోచోట మౌనం ఎందుకు?

కొత్త క్రీము మనం ఎప్పుడు పట్టుకుంటాం? మొహం బాగా పాడైనప్పుడు. మొటిమలు వస్తాయి, పోతాయి. బాగా ఎక్కువైన రోజున ఏం రాసినా, ఏమీ రాయకపోయినా, తర్వాతి వారానికి కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ పేరు ప్యాకెట్టు కొట్టేస్తుంది. ఇక ఏ మాయిశ్చరైజర్ అయినా చర్మంలో తడిని నిలిపి, పొట్టును అణిచి, కొన్ని నిమిషాల్లోనే నునుపు చేస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, దాని పనే అది. కానీ పై చర్మం పొర కొత్తగా మారడానికి సుమారు 4 వారాలు పడుతుంది. "ముడతలు తగ్గుతాయి, మచ్చలు పోతాయి" అనే మాటల్ని మూడు పూటల సరుకుతో ఎలా తేలుస్తారు?

"మాకు శాంపిళ్ళతో పనిలేదు, పదేళ్ళుగా వాడుతున్నదే వాడతాం" అనేవాళ్ళు గర్వపడనక్కర్లేదు. పదేళ్ళ అలవాటు రుజువు కాదు. మా ఆవిడకీ అలాంటి ఇష్టమైన లోషన్ ఒకటుంది. చలికాలంలో ఆవిడ ఎడమకాలికి ఆ లోషనూ, కుడికాలికి ఊరికే వచ్చిన శాంపిలూ రెండు వారాలు రాయించాను. ఏ కాలికి ఏది రాస్తున్నామో తెలియని మా మేనకోడలు, ఏ కాలు నున్నగా ఉందో రోజూ పుస్తకంలో రాసింది. 14 రోజుల్లో ఎడమకు 6, కుడికి 5, తేడా తెలియనివి 3. మా ఆవిడ తీర్పు మాత్రం మొదటి రాత్రే వచ్చేసింది: "నాదే మేలు." ఒక్క మనిషి, రెండు కాళ్ళు, దీన్ని పరిశోధన అనను. కానీ పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒక మహిళ మాటను 8 కప్పులతో ఎలా పరీక్షించాలో ఫిషర్ 1935 నాటి పుస్తకంలోనే రాశాడు. మనం కాళ్ళకి కూడా ఆపాటి పరీక్ష పెట్టం!

ఇంతవరకూ పోయేది డబ్బే. అసలు ప్రమాదం వేరే ఉంది. మూడు రోజుల పరీక్ష పెడితే ఫస్టు ర్యాంకు ఎవరికొస్తుందో తెలుసా? స్టెరాయిడ్ కలిసిన క్రీముకి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటివి ఎరుపునూ, దురదనూ చప్పున అణిచేస్తాయి, కొద్ది రోజుల్లో రంగునీ తేల్చేస్తాయి. "బాగా పనిచేసింది" అని నలుగురికీ చెబుతాం. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమలూ వెంట్రుకలూ మొలుస్తాయి. ఆపితే మొహం మండుతుంది, మళ్ళీ అదే రాస్తారు. ఇలాంటి పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన బిగించింది. మా వీధి మందుల షాపులో చీటీ అడగడం నేనింతవరకూ చూడలేదు.

పాదరసం సంగతీ ఇంతే. అది మెలనిన్ తయారీని ఆపుతుంది కాబట్టి తెల్లబడటం నిజమే. కిడ్నీలు దెబ్బతినడమూ నిజమే. కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరు కిడ్నీ రోగులను ఆరా తీస్తే తెల్లబరిచే క్రీములు బయటపడ్డాయని 2023లో వార్తలొచ్చాయి. వాళ్ళలో ఎవరైనా మొదటి వారం ఆ క్రీము బాగాలేదని అనుకుని ఉంటారా?

తెలుపు మీద ఈ మోజును పెంచింది ఎవరో చెప్పనక్కర్లేదు. 1975లో మొదలైన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పెళ్ళిచూపుల్లో అడిగే ప్రశ్న మారిందా?

"అందుకే మా బామ్మ చిట్కాలే మేలు" అని చంకలు గుద్దుకునేవారికీ ఒక మాట. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే చర్మం బొబ్బలెక్కవచ్చు. దానికి బామ్మ మీద గౌరవం అడ్డురాదు.

శాంపిల్‌తో తేలేది ఒకటుంది: అది మీ ఒంటికి పడుతుందా లేదా అని. మోచేతి మడత దగ్గర రోజూ కొద్దిగా, ఓ వారం రాసి చూడండి. దద్దురు వస్తే పారేయండి. రాకపోతే పడిందని అర్థం, పనిచేసిందని కాదు. ప్యాకెట్టు మీద ఏమేం కలిపారో రాయకపోతే ఆ పరీక్ష కూడా వద్దు. "మరి మీరేం రాసుకుంటారు?" అని అడుగుతారేమో. చలికాలంలో స్నానం కాగానే పెట్రోలియం జెల్లీ. జిడ్డుగా ఉంటుంది, వాసన ఉండదు, ఊరికే ఎవరూ ఇవ్వరు.