11 పాయింట్లు

1968 మెక్సికో ఒలింపిక్స్. మోడర్న్ పెంటథ్లాన్‌లో స్వీడన్ ఆటగాడు బ్యోర్న్ ఫెర్మ్‌కి 4964 పాయింట్లు. హంగరీ ఆటగాడు ఆంద్రాష్ బాల్ట్సోకి 4953. తేడా పదకొండే! నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోవడమంటే ఇదేనేమో.

ఈ ఆట మనకి పెద్దగా పరిచయం లేదు. కత్తి తిప్పాలి, ఈదాలి, తుపాకి పేల్చాలి, పరుగెత్తాలి; 2024 దాకా గుర్రమెక్కి కంచెలు కూడా దూకాల్సి ఉండేది. అప్పట్లో రోజుకొకటి చొప్పున అయిదు రోజులు. తమాషా అంతా గుర్రం దగ్గరే ఉండేది. సొంత గుర్రం తెచ్చుకుంటానంటే కుదిరేది కాదు. చీటీలో ఏది వస్తే అదే ఆటగాడి గుర్రం అయ్యేది. పెళ్లిచూపుల్లా కాసేపు పరిచయం, వెంటనే బరిలోకి. అది ఆ పూట మొండికేసిందా, నాలుగేళ్ల కష్టం గంగపాలే!

బాల్ట్సో అలాంటి ఆటని ఏలినవాడు. 1960లో రోమ్‌లో జట్టు స్వర్ణం అందుకునేటప్పటికి వయసు 22. విడిగా మాత్రం నాలుగో స్థానం. 1963లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మరి మర్నాటి ఏడు టోక్యోకి వెళ్లాలి కదా? జట్టులో చోటే దక్కలేదు! ఆ కసి ఎక్కడ తీర్చుకున్నాడో చూడండి: 1965, 66, 67... వరసగా మూడేళ్లూ ప్రపంచ టైటిల్ అతనిదే. ఆ తర్వాతే మెక్సికో, ఆ పదకొండు పాయింట్లు. అక్కడ జట్టు స్వర్ణం వచ్చింది గానీ, ఆ వెలితి దానితో తీరేది కాదు. 1969లో అయిదో ప్రపంచ టైటిల్ కూడా కొట్టాడు.

అప్పటికి ముప్పై దాటాయి. మన ఇళ్లల్లో అయితే "ఇంక చాల్లేరా, ఏదైనా ఉద్యోగం చూసుకో" అనేవాళ్లు. అతను మాత్రం 34 ఏళ్ల వయసులో 1972 మ్యూనిక్‌కి వెళ్లాడు. 5412 పాయింట్లు. రెండో స్థానంలో నిలిచిన సోవియట్ ఆటగాడు బోరిస్ ఒనిషెంకో 77 పాయింట్లు వెనక! రోమ్ నుంచి లెక్కేస్తే పన్నెండేళ్లకి చేతికొచ్చిన బంగారం అది. జట్టు స్వర్ణం మాత్రం ఈసారి సోవియట్లకి పోయింది.

ఆ ఒనిషెంకో సంగతి కూడా చెప్పాలి. నాలుగేళ్ల తర్వాత మాంట్రియల్‌లో అతని కత్తి ప్రత్యర్థికి తగలకుండానే దీపం వెలిగింది. బ్రిటన్ ఆటగాడు జిమ్ ఫాక్స్ గొడవపెడితే కత్తి విప్పి చూశారు. లోపల దొంగ స్విచ్! అతనితో పాటు సోవియట్ జట్టూ పోటీ నుంచి అవుట్. ఆ ఏడు జట్టు స్వర్ణం బ్రిటన్ ఎత్తుకుపోయింది.