గోడలో గొట్టం కనిపించిందా? పని ఆపండి!

గోదావరి ఇంట్లోకొచ్చి వెళ్లాక ఏం చేస్తాం? బురద ఎత్తిపోస్తాం, గోడలు కడుగుతాం, ఆనక కరెంటు పని చేసే కుర్రాణ్ణి పిలుస్తాం. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు! అంత నీళ్లలో నానిన వైరింగు మార్చక తప్పదు కదా.

సరే, కుర్రాడు వంటింటి గోడ చెక్కుతున్నాడు. వైర్ల పైపు పక్కనే ఇంకో గొట్టం బయటపడింది. అది నీళ్లదా, గ్యాసుదా? ఖాళీదేనా? అతనికి తెలీదు. మగవాళ్లు పనుల మీద బయటికెళ్లి ఉంటారు. జవాబు చెప్పాల్సింది ఆ ఇంటి ఇల్లాలే.

గోడల్లో పాత గ్యాసు గొట్టాలుండటం విదేశాల్లో వందేళ్ల నాటి తలనొప్పి. లండన్‌లో 1812లోనే గ్యాసు కంపెనీ పుట్టింది. మన దేశంలో కలకత్తా వీధుల్లో 1857లో గ్యాసు దీపాలు వెలిగాయి. కరెంటు వచ్చాక దీపాలు పోయాయి గానీ, చాలా ఇళ్లలో గొట్టాలు గోడల్లోనే ఉండిపోయాయి.

మనకా చరిత్ర లేదు. మన గొట్టం కథ వేరు. వంటిల్లు ఇరుకని సిలిండరు వెనక వసారాలో పెట్టి, గోడకు కన్నం వేసి ట్యూబు లోపలికి లాగుతాం. కొందరు రాగి గొట్టం వేయించుకుంటారు. తర్వాత ఎప్పుడో స్టవ్వు చోటు మారుతుంది. కన్నానికి సిమెంటు పూస్తాం. లోపల ముక్క అలాగే ఉండిపోతుంది. అసలు రబ్బరు ట్యూబు గోడలోంచి పోనేకూడదు. ఎలుక కొరికినా, బీట వేసినా కంటికి కనపడాలి.

మరి ఈ సంగతి మనకు చెప్పిందెవరు? ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016 మే 1న కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024లో తెలంగాణ అయిదు వందలకే సిలిండరంది. అదే ఏడాది గోదావరి పక్కనే ఉన్న ఎటపాక వైపు, అంటే ఆంధ్రలో, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. అడవి పల్లెల్లో కట్టెల పొగతో కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఇదంతా మేలే, కాదనం. కానీ లెక్కలన్నీ సిలిండర్లవే. ట్యూబు గురించి అడిగే నాథుడేడీ? సురక్షా ట్యూబు గడువు అయిదేళ్లు. ఉజ్వల మొదట్లో ఇచ్చిన ట్యూబుల గడువు 2021తోనే తీరిపోయింది!

నిర్లక్ష్యం చేసిన గొట్టం ఏం చేస్తుందో 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామం చూసింది. అది భూమిలోని పెద్ద పైపులైను, మన వంటింటి గొట్టం కాదు. అయినా తుప్పు తుప్పే.

అందుకే గొట్టం కనిపిస్తే ముందు ఉలి, డ్రిల్లు ఆపించండి. కోయనివ్వద్దు, వంచనివ్వద్దు. సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేయండి. వాసన వస్తే తలుపులు, కిటికీలు బార్లా తీసి, అందర్నీ బయటికి పంపండి. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. స్విచ్చి వేయొద్దు, ఆపొద్దు కూడా. రెంటికీ నిప్పురవ్వ పుడుతుంది. బయటికొచ్చాకే 1906కు ఫోను చేయండి.

వాసన లేకపోయినా గ్యాసు ఏజెన్సీ మెకానిక్కు వచ్చి చూసేదాకా పని మొదలెట్టనివ్వద్దు. పనికిరాని గొట్టమైతే ఆయన చేతే తీయించండి. "ఎలాగూ ఖాళీదే కదమ్మా, వైర్లు ఇందులోంచే లాగేస్తా" అన్నా, "ఎర్తు దీనికే కలిపేస్తా" అన్నా ఒప్పుకోకండి.

వరద తగ్గాక నష్టం రాసుకోడానికి అధికారులొస్తారు. కరెంటు మళ్లీ ఇచ్చేముందు లైన్‌మన్‌తో పాటు గ్యాసు మెకానిక్కునీ ఇల్లిల్లూ తిప్పితే సర్కారుకు పోయేదేముంది? మహిళా సంఘం మీటింగులో అప్పుల లెక్కలయ్యాక ఈ మాట కూడా ఎత్తండి. ఈలోగా ఇవాళ స్టవ్వు వెలిగించేముందు మీ ట్యూబు మీదున్న తేదీ ఓసారి చదవండి. ఆ ఒక్క పనికి ఏ పథకం కోసమూ ఎదురుచూడక్కర్లేదు.