చుట్ట పొగలో కరిగిపోతున్న ఆడబతుకులు

వేములపల్లి: నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పచ్చబడిన ఈ ప్రాంతంలో నాట్ల కాలం వస్తే ఆడకూలీలు తెల్లవారకముందే పొలాల బాట పడతారు. బురదలో నడుం వంచి నాటు వేసి, గట్టుమీద కాసేపు కూలబడినప్పుడు, వయసు మళ్లిన ఆడవారిలో కొందరు కొంగుముడి విప్పి చుట్టో బీడీయో తీయడం పల్లెల్లో కొత్త దృశ్యమేమీ కాదు. పొగ పీలిస్తే ఆకలి చస్తుందనీ, అలుపు తీరుతుందనీ, పంటినొప్పి తగ్గుతుందనీ వారి నమ్మకం. ఆ నమ్మకానికి వారు చెల్లించే మూల్యం మాత్రం ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

పొగతాగడం మగవారి వ్యసనమనే అభిప్రాయం సర్వత్రా పాతుకుపోయింది. 2016-17లో దేశవ్యాప్తంగా జరిగిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారం పొగతాగే స్త్రీలు నూటికి ఇద్దరే. కాని పొగాకు నమిలేవారు, పళ్లకు రుద్దుకునేవారు, నశ్యం పట్టేవారు నూటికి దాదాపు 13 మంది ఉన్నారు. నూటికి ఇద్దరంటే కోట్ల జనాభా గల దేశంలో తక్కువ సంఖ్య కాదు. పైగా పెద్దవారి ఎదుట తాగినట్టు ఒప్పుకోని ఆడవారు ఎందరో!

తెలుగునాట ఈ సమస్య చాలా పాతది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో స్త్రీలు నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటును అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించిన వైద్య పరిశోధకులు 1971లో తమ ఫలితాలు ప్రకటించారు. అక్కడ నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. వారిలో ఎక్కువమంది స్త్రీలు. నిప్పు వేడికి, పొగకు అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుండ్లు ఏర్పడి, కొందరిలో అవి కేన్సర్‌గా మారుతున్నట్లు తేలింది.

నిప్పు బయట ఉన్నంత మాత్రాన ముప్పు తప్పదు. బీడీ తాగే స్త్రీ ఆయుర్దాయం సుమారు 8 ఏళ్లు తగ్గుతుందని, మగవారికి ఈ నష్టం 6 ఏళ్లని 2008లో వెలువడిన భారతదేశపు అధ్యయనం ఒకటి అంచనా కట్టింది. క్షయ, ఊపిరితిత్తుల జబ్బు, గుండెపోటు, కేన్సర్ ఇందుకు ముఖ్య కారణాలు. గర్భిణి పొగతాగితే బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం కద్దు. ముట్లు ముందుగానే ఆగిపోవడం, ఎముకలు గుల్లబారడం కూడా పొగతాగే ఆడవారిలో ఎక్కువ.

ఇక డబ్బు సంగతి. రోజుకు 20 రూపాయలు పొగకు తగలేసినా ఏడాదికి 7,300 రూపాయలవుతుంది. కూలినాలి చేసుకునే ఇంట్లో అది పిల్లల పుస్తకాల ఖర్చు, రెండు పండుగల బట్టలు. జబ్బు ముదిరితే ఆరోగ్యశ్రీ కింద చికిత్స దొరికినా, పట్నానికి రానుపోను చార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు?

తాను ఏనాడూ బీడీ ముట్టని ఇల్లాలి కష్టం వేరు. భర్త వదిలిన పొగ పీల్చేది ఆమే, అతడు మంచాన పడితే సేవ చేసేది ఆమే, అతడు పోతే అప్పు తీర్చేదీ ఆమే. బహిరంగ స్థలాల్లో పొగతాగడం 2008 అక్టోబరు 2 నుండి నిషిద్ధమైంది గాని, ఇంటి గడప లోపలికి ఆ నిబంధన రాదు.

ఇంత జరుగుతున్నా నివారణ లేకపోలేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారికి పరిశోధకులు ఏళ్ల తరబడి నచ్చజెప్పారు. మానినవారు పెరిగారు, కేన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. ఆ ఫలితాలు 1986లోనే ప్రకటితమయ్యాయి. పెట్టె మీది హెచ్చరిక బొమ్మకన్నా మనిషి చెప్పే మాటకు బలమెక్కువని దీనివల్ల తెలుస్తున్నది.

ఆ మాట చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 30 ఏళ్లు దాటిన వారికి నోటి కేన్సర్ పరీక్ష జరపాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్త మగవారిని అడిగినట్లే ఆడవారినీ, అవ్వలనూ పొగాకు గురించి అడగాలి. అయితే తప్పు పట్టినట్లు అడిగితే ఎవరూ నోరు విప్పరు. అవ్వా అని పిలిచి, పక్కన కూర్చుని అడగాలి. నోట్లో తెల్లని, ఎర్రని మచ్చ కనిపించినా, రెండు వారాలకు మానని పుండు ఉన్నా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు పొగాకు లెక్క కూడా ఒకసారి వేసి చూపడం మంచిది. మానదలచిన వారికి 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందే సదుపాయం గలదు.

ముసలితనంలో ఇక మానినా లాభమేమిటని చాలామంది అంటారు. ఏ వయసులో మానినా ఎంతోకొంత మేలు జరుగుతుందన్నది వైద్యుల మాట. పొలానికి నాటు వేసి పదిమందికి అన్నం పెట్టే చేతులు, తన ఊపిరిని తానే నుసి చేసుకోకుండా చూడవలసిన బాధ్యత ఇంటివారితో పాటు ఊరందరిదీ.