అభిమానం చూడనివ్వని నటన

2023 జూన్ 16న ‘ఆదిపురుష్’ చిత్రం విడుదలైన రోజు, హైదరాబాదులో ఒక సినిమా ప్రాంగణం వెలుపల ఒక మనిషిని కొందరు అభిమానులు చుట్టుముట్టి కొట్టారు. మైకు పెట్టి అడిగినవారికి తనకు తోచినది చెప్పడమే అతడు చేసిన నేరం. ఆ వేషం ప్రభాస్‌కు నప్పలేదన్నాడు. బాహుబలిలో కనిపించిన రాజసం ఇందులో లేదని, దర్శకుడు ఆయనను సరిగా చూపలేకపోయాడని అన్నాడు. హనుమంతుడి పాత్ర, నేపథ్య సంగీతం బాగున్నాయని కూడా అతడే అన్నాడు. అవి ఒప్పో తప్పో అటుంచండి. టిక్కెట్టు కొని, దాదాపు మూడు గంటలు కూర్చుని చూసి వచ్చిన మనిషి అతడు. అతని మాటకు జవాబుగా చేతులు లేచాయి.

మదర్సాలో పాఠాలు చెప్పుకునేవాడికి సినిమా నటనతో ఏమి పని అని పాఠక సోదర సోదరీమణులు అనుకోవచ్చు. నేను సినిమా హాలుకు వెళ్ళేవాడిని కాను. కనుక ఎవరు బాగా నటించారు, ఎవరు చెడగొట్టారు అన్న తీర్పు నా నుంచి ఆశించవద్దు. చూడనివాడి సాక్ష్యం ఎక్కడా చెల్లదు. ఆ కథల వెనుక ఉన్న విశ్వాసాలు వాటిని ఆరాధించే సోదరులవి. వాటి మీద కూడా నాకు మాట లేదు. నా ఆలోచనంతా చూసి వచ్చినవారి గురించే. మా ఆలూరు పిల్లలు ఆదోనికో గుంతకల్లుకో బళ్ళారికో వెళ్ళి చూస్తారు. వెళ్ళలేనివారు కొన్నాళ్ళకు ఫోనులో చూస్తారు. మనం కాదన్నంత మాత్రాన ఈ వ్యవహారం మన గడప బయట ఆగలేదు.

ఆ చిత్రం వచ్చిన వారంలోనే, సాయంత్రపు తరగతికి వచ్చే ఇద్దరు అన్నదమ్ములు బళ్ళారిలో దానిని చూసి వచ్చారని తెలిసింది. “ఎట్లుందిరా?” అని పెద్దవాడిని అడిగాను.

“మొదటి దినమే నూట నలభై కోట్లు హజ్రత్!”

“కోట్ల సంగతి కాదు. మీ హీరో ఎట్ల చేసినాడు?”

“మూడు దినాలకు మూడు వందల నలభై కోట్లు హజ్రత్.”

చిన్నవాడు నేలచూపులు చూస్తూ, “నాకు నిద్రొచ్చింది హజ్రత్” అన్నాడు. అన్న వాడి తొడ మీద గిల్లాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆ అంకెలు నిర్మాతలు ప్రకటించినవే. నాలుగవ రోజు నుంచి వసూళ్ళు పడిపోయాయి. కానీ పెద్దవాడు అబద్ధమాడలేదు. అడిగిన ప్రశ్నను పక్కకు నెట్టాడు, అంతే. నటన గురించి చెప్పాలంటే చూడాలి, చూసినదానిని తూచాలి, ఆ తూకంలో తన ఇష్టుడు తేలిపోతే ఆ మాట పైకి అనాలి. కోట్ల లెక్కకు ఈ కష్టమేదీ లేదు.

ఆ కుర్రవాడు హాలులో కాలుపెట్టక ముందే అతని తీర్పు సిద్ధమైపోయింది. చిత్రపు టీజర్‌ను 2022 అక్టోబరు 2న అయోధ్యలో విడుదల చేశారు. కంప్యూటరు బొమ్మలు నాసిగా ఉన్నాయని నాడే గోల లేచింది. 2023 జనవరిలో రావలసిన సినిమా జూనుకు జరిగింది. ఆ ఎనిమిది నెలలూ ఒక వర్గం సమర్థించడానికి, మరొక వర్గం వెక్కిరించడానికి కంకణం కట్టుకున్నాయి. తెర మీద బొమ్మ పడేసరికి ఎవరి కళ్ళూ ఖాళీగా లేవు. బాహుబలిని మళ్ళీ చూడాలని వెళ్ళినవాడికి ఎదురుగా ఉన్న పాత్ర ఎట్లా కనిపిస్తుంది?

ఈ రకం చిత్రాలలో నటుడి పని ఎంత కష్టమైనదో కూడా అభిమాని ఆలోచించడు. నీలి గుడ్డ ముందో పచ్చ గుడ్డ ముందో ఒంటరిగా నిలబడాలి. ఎదుట రాక్షసుడు ఉండడు. కర్రకు కట్టిన గుర్తో, చుక్కలు అంటించిన దుస్తులు తొడుక్కున్న మరొక మనిషో ఉంటాడు. దానిని చూసి భయపడాలి, కోపగించుకోవాలి. కొండలూ సముద్రాలూ సేనలూ తరువాత కంప్యూటరు పోస్తుంది. నటుడికి మిగిలేది కన్ను, మెడ, శ్వాస, గొంతు. ఆదిపురుష్ హిందీ చిత్రంలో ప్రభాస్‌కు ఆ గొంతు కూడా తనది కాదు. శరద్ కేల్కర్ చెప్పాడు. హిందీలో చూసి ‘ప్రభాస్ అద్భుతం’ అన్నవారూ ‘ప్రభాస్ దండగ’ అన్నవారూ ఇద్దరు మనుషులను కలిపి ఒక్కరిగా తూచారన్నమాట.

ఏడు నెలలు తిరగకుండానే దీనికి ఎదురు ఉదాహరణ వచ్చింది. 2024 జనవరి 12న, సంక్రాంతికి, మహేశ్‌బాబు ‘గుంటూరు కారం’ విడుదలైన రోజునే ప్రశాంత్ వర్మ తీసిన ‘హను-మాన్’ వచ్చింది. కథానాయకుడు తేజ సజ్జా. బాలనటుడిగా ‘ఇంద్ర’లో చిన్ననాటి చిరంజీవిగా వేసినవాడు, పెద్దయ్యాక ఇదే దర్శకుడితో కర్నూలు నేపథ్యంగా ‘జాంబీ రెడ్డి’ చేసినవాడు. పెద్ద హీరోల నడుమ ఆ పండుగకు ఈ సినిమా ఎందుకని అన్నవారు ఉన్నారు. అతని నుంచి ఎవరూ ఏమీ కోరలేదు. అందువల్ల అతడు అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో చిల్లర దొంగతనాలు చేసుకుంటూ, అక్క చేత తిట్లు తినే కుర్రవాడిగా కనిపించగలిగాడు. అదే పాత్రను పెద్ద హీరోకు ఇచ్చి ఉంటే మొదటి పది నిమిషాలు ఆయన నడకకూ ఈలలకూ సరిపోయేవి. ప్రేక్షకులు చూశారు, నమ్మారు. 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలోనూ ఆ చిత్రానికి చోటు దక్కింది.

ఆ కథలోని ప్రతినాయకుడి సంగతి విన్నప్పుడు నేను కొంచెంసేపు నిశ్శబ్దంగా ఉండిపోయాను. మైకేల్ అనే ఆ మనిషి చిన్ననాటి నుంచి సూపర్‌హీరోల పిచ్చిలో పడినవాడు. పుస్తకాలలోని వీరులకు తల్లిదండ్రులు ఉండరని, తాను కూడా అట్లా కావాలని కన్నవారినే చంపుతాడు. వినయ్ రాయ్ వేశాడట ఆ వేషం. సూపర్‌హీరో సినిమా తీసినవారే అభిమాని ఉన్మాదాన్ని దుష్టపాత్రగా నిలబెట్టారు. ఈలలు వేసిన పిల్లలలో ఆ సంగతి గమనించినవారు నాకు ఒక్కరూ తారసపడలేదు.

ఇది మన తెలుగువారికే పట్టిన జబ్బు కాదు. 1988లో అమెరికాలో ‘బ్యాట్‌మన్’ వేషానికి హాస్యపాత్రలతో పేరు పడిన మైకేల్ కీటన్‌ను ఎంపిక చేస్తే, వద్దని నిర్మాణ సంస్థకు 50,000 ఉత్తరాలు వెళ్ళాయని చెబుతారు. మరుసటి ఏడాది చిత్రం వచ్చాక ఆ అభిమానులే అతడిని నెత్తిన పెట్టుకున్నారు. అదే వరుసలో 2008లో వచ్చిన చిత్రంలో జోకర్ వేషానికి హీత్ లెడ్జర్ పనికిరాడన్నారు. చిత్రం విడుదలకు ఆరు నెలల ముందే ఆ యువకుడు మరణించాడు. ఆస్కార్ పురస్కారాన్ని అతని కుటుంబం అందుకుంది.

దూరం పోనక్కరలేదు. 1953 అక్టోబరుకు ముందు మా ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివే. ఆ బళ్ళారిలో వకీలుగా ఉంటూ నటుడైనవాడు బళ్ళారి రాఘవ. ఆనాటి జనం నాటకానికి వెళ్ళేది పద్యం కోసం. రాగం ఎంత సాగితే అంత గొప్ప. చచ్చి పడి ఉన్న పాత్ర కూడా ‘వన్స్ మోర్’ అంటే లేచి మళ్ళీ పాడేదని పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. రాఘవ ఆ సాగదీతను ఒప్పుకోలేదు. మాటలో, ముఖంలో, మౌనంలో నటన ఉందన్నాడు. ఆడపాత్రను ఆడవారే వేయాలన్నాడు. జనం కోరినది ఇవ్వకుండా జనం చేతనే మహానటుడు అనిపించుకోవడానికి ఎంత గుండె కావాలి! రామరాజు చరిత్రలో ఆయన పఠాను వేషం కూడా ఆ ప్రాంతంలో చాలా ప్రసిద్ధం. ఆయన 1946లో కన్నుమూశాడు.

హదీసు విద్యార్థులకు నేను ప్రతి సంవత్సరం చెప్పే ఒక ఉదంతం ఇక్కడ అక్కరకు వస్తుంది. ఇమామ్ బుఖారీకి గురువైన అలీ ఇబ్నుల్ మదీనీని (అల్లాహ్ ఆయనను కరుణించుగాక) ఆయన తండ్రి గురించి అడిగారు: ఆయన చెప్పే ఉల్లేఖనాలు నమ్మదగినవేనా? మరొకరిని అడగండి అని తప్పించుకోజూశారు. వారు విడిచిపెట్టలేదు. తల వంచుకుని, మళ్ళీ ఎత్తి, ఇది ధర్మానికి సంబంధించిన విషయం, నా తండ్రి బలహీనుడు అన్నారు. తండ్రి మీద ప్రేమ ఆ మాటతో తగ్గిపోయిందని ఏ గ్రంథకర్తా వ్రాయలేదు. ధర్మ విషయాన్ని సినిమాతో సమానం చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నేను చూస్తున్నది పిల్లవాడి నాలుకను. వేషం బాగోలేదని చెప్పడానికి తొడ మీద గిల్లుడుకు భయపడేవాడు, రేపు ఇంటి పెద్ద తూకంలో మోసం చేస్తే ఏమి చెబుతాడు?

అందుకే మా తరగతి పిల్లలను నేను ఇప్పుడు సినిమా ఎట్లుందని అడగడం మానేశాను. ఎక్కడ నమ్మావు, ఎక్కడ నమ్మలేదు అని అడుగుతాను. 2025 సెప్టెంబరులో ‘మిరాయ్’ వచ్చినప్పుడు ఒకడు చాలాసేపు ఆలోచించి, తనకు తేజ సజ్జా అంటే ప్రాణమైనా మంచు మనోజ్ వేసిన దుష్టపాత్రే ఎక్కువ గుర్తుండిందన్నాడు. పక్కవాడు ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పమన్నాను. మగ్రిబ్ అజాను వరకు చెప్పాడు.

హను-మాన్ తరువాయిగా ప్రకటించిన ‘జై హనుమాన్’లో ముఖ్యపాత్రకు కన్నడ నటుడు రిషబ్ శెట్టిని తీసుకున్నారు. కన్నడమూ తెలుగూ కలిసి మాట్లాడే మా వైపు దీని మీద అప్పుడే రెండు జట్లు తయారయ్యాయి. ‘కాంతార’కు జాతీయ ఉత్తమ నటుడైనవాడు, ఇరగదీస్తాడని ఒకరు, మన తెలుగువాడు లేకపోతే పోతుందని మరొకరు. ఆ సినిమా ఇంకా తయారు కావలసే ఉంది.